15 వేలల్లో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే కెమెరా అద్దెకు తేవాలా, ఫోన్ సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: చేతిలో 15 వేలున్నాయి, పది నిమిషాల కథ ఉంది, సగం ఇంట్లో, సగం గోదావరి గట్టున తీయాలి. ఆ డబ్బు పెట్టి కెమెరా అద్దెకు తెచ్చుకోవాలా, ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌తో కానిచ్చేయాలా?

ఫోన్‌తోనే తీయండి. డబ్బు మైకుకీ, ట్రైపాడ్‌కీ, వచ్చినవాళ్ళ టిఫిన్లకీ భోజనాలకీ ఉంచుకోండి. మాది రాజమండ్రి. ఇప్పటిదాకా ఐదు షార్ట్ ఫిల్ములు తీశాను, మొదటి రెండూ అద్దె కెమెరాతో, తర్వాతి మూడూ ఫోన్‌తో. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటిసారి డీఎస్ఎల్ఆర్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, తెచ్చాం. వెనకంతా మసకగా, మనిషి మాత్రం స్పష్టంగా కనబడాలన్న ఆశతో 50 ఎంఎం లెన్స్ కూడా అడిగి తెచ్చాం. తీయాల్సింది మా బాబాయి వాళ్ళింట్లో, పదడుగుల గదిలో. సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్) చిన్నగా ఉన్న డీఎస్ఎల్ఆర్ మీద 50 ఎంఎం పెడితే అది దాదాపు 80 ఎంఎం లాగా చూస్తుంది, అంటే మనిషి ఇంకా దగ్గరికి వచ్చేసినట్టు కనబడతాడు. గోడకు వీపు ఆనించి నిలబడినా ఫ్రేమ్‌లో మనిషి తల నుంచి నడుము పైదాకానే వస్తున్నాడు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే సీను ఎలా తీయాలో తేలక మధ్యాహ్నం దాకా అలాగే గడిచిపోయింది. అసలు దెబ్బ ఇంటికొచ్చాక తెలిసింది. ఎఫ్/1.8 దగ్గర, అంటే లెన్సును బాగా తెరిచి పెట్టి, ఐదడుగుల దూరం నుంచి క్లోజప్ తీస్తే ఫోకస్‌లో ఉండేది రెండు మూడు అంగుళాల లోతే. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అంతా బాగానే కనబడింది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే చెవి స్పష్టంగా ఉంది, కళ్ళు మసకగా ఉన్నాయి. ఏడుపు సీను మొత్తం అలాగే పోయింది. ఫోకస్ మార్చడానికే ఒక మనిషి ఉండే యూనిట్లకు ఆ లెన్సు బాగుంటుంది. ముగ్గురు నలుగురు కలిసి తీసేటప్పుడు ఫోన్‌లోని ఇంకా చిన్న సెన్సర్ మనకు మేలు చేస్తుంది. మనిషి రెండడుగులు అటూ ఇటూ కదిలినా ఫోకస్ పెద్దగా చెదరదు.

ఫోన్‌తో వచ్చే చిక్కు వేరు. ఆ ఒక్కటీ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఫోన్ ప్రతి క్షణం తనే నిర్ణయాలు తీసుకుంటూ ఉంటుంది. ఎంత వెలుగు కావాలి, రంగు ఎలా ఉండాలి, ఎవరి మీద ఫోకస్ పెట్టాలి, అన్నీ అదే తేల్చేస్తుంది. నా మూడో సినిమాలో మా మేనత్త అత్తగారి వేషం వేసింది. కోడలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటే ఆవిడ తెల్లచీరలో లోపలి నుంచి వస్తుంది. ఆవిడ ఫ్రేమ్‌లోకి అడుగు పెట్టగానే ఆ తెలుపు చూసి ఫోన్ వెలుగు తగ్గించేసింది. కోడలి మొహం నల్లబడింది. అంతదాకా పసుపుగా ఉన్న గోడ నీలంగా మారింది. ఫోకస్ ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి చీర మీద ఆగింది. మా అత్త ఎంత బాగా చేసినా చూసేవాళ్ళకు అది ఇంటి వీడియోలాగే అనిపించింది. చూసేవాళ్ళు "ఫోన్‌తో తీసినట్టుంది" అనేది ఈ ఊగిసలాట చూసే. బొమ్మ నాణ్యత గురించి కాదు.

కాబట్టి మామూలు కెమెరా యాప్‌తో తీయకండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఐఫోన్‌కూ ఉంది, ఆండ్రాయిడ్‌కూ ఉంది, కాకపోతే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేయదు. మీ ఫోన్‌లో రాకపోతే ఓపెన్ కెమెరా వేసుకోండి, అదీ ఉచితమే. కొన్ని ఫోన్లలో ప్రో వీడియో మోడ్ ముందే ఉంటుంది. ఏదైనా సరే, షాట్ మొదలుపెట్టే ముందు నాలుగూ లాక్ చేయండి: ఫోకస్, ఐఎస్ఓ (వచ్చిన వెలుగును ఫోన్ ఎంత పెంచాలో), షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగును ఎంతసేపు తీసుకోవాలో), వైట్ బ్యాలెన్స్ (రంగు పసుపు వైపు పోవాలా, నీలం వైపు పోవాలా). పగటి వెలుగులో వైట్ బ్యాలెన్స్ 5600 దగ్గర పెట్టండి, పసుపు బల్బుల కింద 3200 దగ్గర. సీను అయ్యేదాకా మళ్ళీ ముట్టుకోవద్దు.

ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) 25, షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. 1/50 గానీ 1/100 గానీ దానితో కలిసిపోతాయి. ఫోన్ తనంతట తాను 30 ఫ్రేములు, 1/60 పెట్టుకుంటే తెర మీద నల్లటి పట్టీలు పైకీ కిందకీ జారుతూ కనిపిస్తాయి. ఎడిటింగ్‌లో అవి శుభ్రంగా పోవడం చాలా కష్టం. (అమెరికాలో ఉండి తీసే మనవాళ్ళకు ఇది తిరగబడుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, కాబట్టి 1/60 వాడాలి.) కొన్ని చవక ఎల్ఈడీ బల్బులు ఎలా పెట్టినా మిణుకుమంటాయి. ముందురోజే ఆ బల్బును ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూడండి. అందులో కొట్టుకుంటుంటే బల్బు మార్చేయండి.

ఆరుబయట 1/50 పెడితే ఎండలో అంతా తెల్లగా పేలిపోతుంది, ఎందుకంటే చాలా ఫోన్ల లెన్సులకు వెలుగు తగ్గించేలా మూసుకునే రెక్కలుండవు. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి క్లిప్‌తో తగిలించుకోవాలి. నడి ఎండకు ఎన్‌డీ 64 కావాల్సి వస్తుంది, అది వెలుగును 64లో ఒక వంతుకు తగ్గిస్తుంది. కొనే వీల్లేకపోతే పరుగెత్తే సీన్లు, చేతులు గట్టిగా ఊపే సీన్లు నీడలోకి మార్చుకోండి. ఫిల్టర్ లేకుండా ఎండలో తీయాలంటే షట్టర్ వేగం పెంచాలి, అది బాగా పెరిగితే కదలికలు తునకలు తునకలుగా కనిపిస్తాయి. నిలబడి మాట్లాడుకునే సీనుకు ఆ తేడా పెద్దగా తెలియదు.

గోదావరి గట్టు అన్నారు కాబట్టి ఒక మాట. మీరు తీసేది రాజమండ్రి వైపా, కొవ్వూరు వైపా? రాజమండ్రి తూర్పు గట్టున ఉంది, నది మనకు పడమర. పొద్దున ఏడింటికి నటుణ్ణి మెట్ల మీద నదికి వీపు పెట్టి నిలబెడితే ఊరి వైపు నుంచి వచ్చే ఎండ మొహం మీద మెత్తగా పడుతుంది, వెనక నీళ్ళూ వంతెనా కనబడతాయి. సాయంత్రం అదే చోట అలాగే నిలబెడితే సూర్యుడు వెనక్కి పోతాడు, మనిషి నల్లటి నీడ అయిపోతాడు. విడిపోయే సీనుకు అదే అందం, మొహంలో భావం కనబడాల్సిన సీనుకు అదే శాపం. కొవ్వూరు వైపు ఇదంతా తిరగబడుతుంది. ఎక్కడైనా సరే పదింటి నుంచి నాలుగింటి దాకా మొహాలు బయట తీయొద్దు. ఎండ నడినెత్తిన ఉంటే కళ్ళ కింద గుంటలు పడ్డట్టు కనిపిస్తుంది. ఆ వేళలో ఇంట్లో సీన్లు పెట్టుకోండి. వేపచెట్టు కింద నీడ కదా అనుకోకండి, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మొహం మీద ఆడుతూ ఉంటాయి.

ఇంట్లో తీసేటప్పుడు నేను మొదట ట్యూబులైటు ఆపేస్తాను. మనిషిని కిటికీ పక్కన, కిటికీ వెలుగు ఒక చెంప మీద పడేలా కూర్చోబెడతాను. రెండో చెంప మరీ చీకటైతే ఆ వైపు థర్మాకోల్ షీట్ పట్టుకోమంటాను. ఫ్యాన్సీ షాపులో దొరికే మామూలు తెల్ల షీటే. దాన్ని మొహానికి దగ్గరగా తెస్తూ, మళ్ళీ దూరం జరుపుతూ ఒకసారి మీరే చూడండి. నాలుగడుగుల దూరంలో ఏమీ తెలియదు. రెండడుగులకు వచ్చేసరికి చెంప మీద నీడ పలచబడుతుంది, నల్లగుడ్డులో చిన్న తెల్లటి చుక్క మెరుస్తుంది. ఆ చుక్క వచ్చాక మనిషి కళ్ళకు ప్రాణం వచ్చినట్టుంటుంది. ఇప్పటికీ ఆ చుక్క కనబడేదాకా నేను షాట్ మొదలుపెట్టను. కిటికీలోంచి నేరుగా ఎండ పడుతుంటే బయటివైపు తెల్ల పంచె ఒక పొర కట్టండి. మా నాన్న పంచె నాకు మూడు సినిమాలకు పనికొచ్చింది.

క్లోజప్ కోసం ఫోన్‌ను మొహం దగ్గరికి తీసుకెళ్ళొద్దు. ఫోన్ మెయిన్ లెన్స్ వెడల్పైనది, దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 2ఎక్స్ లెన్స్ విడిగా ఉంటే అది వాడండి, లేకపోతే కాస్త వెనక్కి జరిగి 4కెలో తీసి ఎడిటింగ్‌లో దగ్గరికి తెచ్చుకోండి. అల్ట్రావైడ్ మాత్రం ఇంట్లో వాడకండి. తక్కువ వెలుగులో దాని బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఇప్పుడు సౌండ్. నా మొదటి రెండు సినిమాలనూ జనం మధ్యలో ఆపేసింది దీనివల్లే. బొమ్మ కొంచెం తగ్గినా చూస్తారు, మాట వినబడకపోతే రెండో నిమిషంలో వెళ్ళిపోతారు. ఆరడుగుల దూరంలో ఉన్న ఫోన్ మైకుకు మాట కంటే ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే వైరున్న కాలర్ మైకు కొనండి. దాన్ని ఇంకో ఫోన్‌కు తగిలించి, ఆ ఫోన్ నటుడి జేబులో పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. ఇద్దరు మాట్లాడుకుంటే రెండు మైకులు, రెండు ఫోన్లు. షాట్ మొదట్లో కెమెరా ముందు గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు చూసి ఎడిటింగ్‌లో బొమ్మనూ మాటనూ కలిపేయొచ్చు. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కాబట్టి పొడవాటి షాట్లలో మాట మెల్లగా పెదాల నుంచి జారుతుంది. షాట్లు ఒకటి రెండు నిమిషాలకు మించనీయకండి. మించినా జారినా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండేలా మార్చుకున్నాకే ఎడిటింగ్‌కు పెట్టండి.

ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి. షూటింగ్ అయ్యాక తాళం కోసం ఫ్రిజ్ తెరుస్తారు, అప్పుడు స్విచ్ వేయడం గుర్తొస్తుంది. పాత సినిమా యూనిట్ల నుంచి వచ్చిన ఈ అలవాటు వల్ల మా బాబాయి వాళ్ళ పాలు, పెరుగు పాడవలేదు. ప్రతి గదిలోనూ పని అయ్యాక అందరూ కదలకుండా అర నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డ్ చేయండి. మాటల మధ్య కోతలు కప్పడానికి అదే కావాలి.

గట్టు మీద గాలి వల్లా, రైళ్ళ వల్లా మాట ఎలాగూ పాడవుతుంది. అప్పుడు షాట్ అయిన వెంటనే నటుల్ని పక్క సందులోకి తీసుకెళ్ళి, మైకు నోటికి దగ్గరగా పెట్టి అవే మాటలు అదే వేగంతో రెండుసార్లు చెప్పించండి. హాలీవుడ్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్ తన మొదటి పూర్తి నిడివి సినిమా 'ఎల్ మరియాచి'ని దాదాపు 7 వేల డాలర్లతో తీసినప్పుడు ఇలాగే చేశాడు. ఆయన దగ్గరున్న కెమెరా బాగా శబ్దం చేసేది, అందుకని షాట్ తీసి, ఆ వెంటనే మాటలు విడిగా రికార్డ్ చేసుకునేవాడు. నెల తర్వాత డబ్బింగ్ చెప్పిద్దాం లే అనుకోకండి. అలవాటు లేనివాళ్ళకు నెల తర్వాత ఆ ఏడుపు గొంతు మళ్ళీ రాదు.

షూటింగ్‌కు ముందు ఒకరోజు, తీయబోయే అదే వేళకు, ఆ చోటికి వెళ్ళి పావుగంట కూర్చోండి. గుడి మైకు ఎప్పుడు మొదలవుతుందో, బడి ఎప్పుడు వదులుతారో రాసుకోండి. నేను ఆ పావుగంట కూర్చోక ఒకసారి సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. గట్టున తీయడానికి అనుమతి గురించి కూడా ఆరోజే అడిగేయండి.

ఇద్దరు మాట్లాడే సీనులో ఒకరి నుంచి ఇంకొకరి దాకా నేల మీద ఒక గీత ఉందనుకుని, కెమెరాను ఎప్పుడూ గీతకు ఒకే పక్కన ఉంచండి. దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనబడుతుంది. ముందు సీనంతా వెడల్పుగా ఒకసారి తీసి, తర్వాత దగ్గరి షాట్లకు వెళ్ళండి.

బొమ్మ తీసేదీ, మాట రికార్డ్ చేసేవీ, అన్ని ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవద్దు. మంచి టేకు మధ్యలో కాల్ వస్తే ఎవరికైనా కడుపు రగులుతుంది. ఎండలో ఫోన్ వేడెక్కి యాప్ ఆగిపోతుంది కాబట్టి కవరు తీసేసి, షాట్‌కూ షాట్‌కూ మధ్య నీడలో పెట్టండి. ఫుటేజీని వాట్సాప్‌లో పంపుకోకండి, బొమ్మ నలిగిపోతుంది. కేబుల్ పెట్టి అదే రాత్రి లాప్‌టాప్‌లోకీ, ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, రెండు చోట్లకూ ఎక్కించండి. రెండిట్లోనూ తెరిచి చూశాకే ఫోన్‌లోది చెరపండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, లాప్‌టాప్ మరీ పాతదైతే తప్ప.

మీ ఫోన్ మోడల్, గది కొలతలు, కిటికీ ఏ దిక్కున ఉందో రాయండి. ఏ సీను ఏ వేళకు పెట్టుకోవాలో చెబుతాను.