వినేవారి ప్రశ్నలు: మొదటి ఎత్తు దగ్గరే గంటసేపు

గత సంచికలో ఈ శీర్షిక కింద మాన్యుయెల్ గోట్‌షింగ్ అనే జర్మన్ సంగీతకారుడి ‘ఈ2–ఈ4’ ఆల్బమ్ గురించి కొంత రాశాను. నెల్లూరులో మా మిత్రుడి మేడమీద గదిలో ఏడుగురం కూర్చుని దానిని మళ్లీ మొదటినుంచి చివరిదాకా విన్నామని చెప్పి, వీలైన పాఠకులు తామూ విని తోచింది రాయమని కోరాను. 1981 డిసెంబరు 12న బెర్లిన్‌లోని తన సొంత స్టూడియోలో ఆయన ఒక్కరే, ఒకే విడతలో, తరువాత మరేదీ అతికించకుండా వాయించి రికార్డు చేసిన ఈ వాద్య సంగీతం నిడివి గంటకు కాస్త తక్కువ. రికార్డుగా బయటికి వచ్చింది మాత్రం 1984లో. టెక్నో, ట్రాన్స్ అని ఆ తరువాత పేరుపడిన ఎలక్ట్రానిక్ నృత్య సంగీతాలకు ఇది పెద్దన్న వంటిదని విన్నవారిలో చాలామంది ఒప్పుకుంటారు. ఉత్తరాలు నేను అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. వాటిలో చీవాట్లూ ఉన్నాయి కనుక వాటితోనే మొదలుపెడతాను.

*ఇరవై రెండు నిమిషాలు ఓపిక పట్టి విన్నాను. ఏమీ జరగలేదు. ఫోను ఎక్కడైనా ఆగిపోయిందేమోనని రెండుసార్లు తీసి చూసుకున్నాను. ఇందులో మీకు కనిపించిన గొప్ప ఏమిటో సూటిగా చెప్పగలరా?*
— విశ్రాంత గణిత అధ్యాపకులు, ఒంగోలు

మాస్టారూ, సూటిగా చెప్పాలంటే మీరు ఎదురుచూసినది ఇందులో లేదు. పల్లవి వచ్చి, చరణం వచ్చి, మళ్లీ పల్లవి అందుకునే పాటకు అలవాటుపడిన చెవి ఇప్పుడు వస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అని మలుపు కోసం కాచుకుని కూర్చుంటుంది. ఇక్కడ మొత్తం ఆధారం రెండు కార్డ్‌లు మాత్రమే. కీబోర్డు మీద మూడో నాలుగో మెట్లు ఒకేసారి నొక్కితే పలికే స్వరాల కూర్పును వాయించేవారు కార్డ్ అంటారు. ఒకటి పలుకుతుంది, రెండోది పలుకుతుంది, మళ్లీ మొదటిది పలుకుతుంది. గంటసేపు అంతే. ఈ తిప్పడమంతా సీక్వెన్సర్ అనే పరికరం చూసుకుంటుంది కనుక మనిషి చేతులకు వేరే పని దొరుకుతుంది. ఒక స్వరపు అంచును కాస్త పదును పెట్టడం, ఒక పొరను వెనక్కి జరపడం, ఇంతవరకూ మరుగున ఉన్న తాళపు దెబ్బను మెల్లగా పైకి తేవడం ఆ పని. మీ భాషలో చెప్పనిస్తే, ప్రమేయం విలువను కాక దాని అవకలజాన్ని, అంటే ఆ విలువ మారే తీరును, గమనిస్తూ పోవాలి.

ఆ సాయంత్రం మేము ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాము. సగం దాటాక ఇందులో గిటారు ప్రవేశిస్తుంది. అది ఎప్పుడు వినిపించిందో ఎవరికి వారు చీటీ మీద సమయం రాసి మడిచి పెట్టాలి, పక్కవారికి చూపించకూడదు. ఏడు చీటీలు విప్పితే మూడు మాత్రమే ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఒకాయన పద్దెనిమిదో నిమిషమని రాశారు. ఆయన విన్నది గిటారు కాదు, తీగ మీటినట్టు పలికిన సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాద్యం. అందరికంటే ఆలస్యంగా రాసినది మాలో గిటారు వాయించే ఒకే ఒక్కరు, పెళ్లి కచేరీల బృందంలో ఇరవై ఏళ్లు పనిచేసినవారు. తన వాద్యమే కదా, వచ్చాక చూసుకుందామన్న ధీమాతో ఉన్నానని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నారు. అంతలో నలభయ్యో నిమిషం ప్రాంతంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫ్యానుకే తప్ప ఆంప్లిఫయరుకు కలపలేదు. వచ్చాక ఆగిన చోటినుంచి పెడదామని నలుగురు, మళ్లీ మొదటినుంచి పెట్టాలని ముగ్గురు పట్టుబట్టారు. చివరికి ముగ్గురి మాటే నెగ్గింది. రెండోసారి విన్నప్పుడు ఆ మొదటి ఇరవై నిమిషాలు, అంటే మీకు ఏమీ జరగలేదనిపించిన ఆ భాగమే, జనసమ్మర్దంగా తోచిందని ఆ నలుగురిలో ఇద్దరు అన్నారు. కనుక మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఇరవై మూడో నిమిషంనుంచి వద్దు, మొదటినుంచే మరొక్కసారి వినండి. అప్పటికీ నచ్చకపోతే మీ చీవాట్లు నాకు శిరోధార్యం.

*నేను గ్రానైట్ మిల్లులో గ్యాంగ్‌సా దగ్గర రాత్రి షిఫ్టు చేస్తాను. మీరు చెప్పిన ఆల్బమ్ వింటే మా మిషనే గుర్తుకొచ్చింది. మిషను చప్పుడును కూడా సంగీతం అనవచ్చా?*
— ఒక పాఠకుడు, చీమకుర్తి

వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నన్ను ఎక్కువసేపు ఆపినది ఇది. గ్యాంగ్‌సా చూడని పాఠకుల కోసం రెండు మాటలు. ఒక పెద్ద చట్రంలో పక్కపక్కనే బిగించిన ఉక్కు బ్లేడ్లు రాతి దిమ్మ మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. పైనుంచి సున్నం, ఉక్కు రవ్వ కలిసిన నీరు కారుతూనే ఉంటుంది. గంటల తరబడి అదే ఊపు సాగుతుంటే దిమ్మ మెల్లమెల్లగా పలకలవుతుంది. ఒకసారి మీ ఊరిలో ఒక మిల్లులో పావుగంట నిలబడ్డాను. నాకు వినిపించింది ఒకే చప్పుడు. నా పక్కన బీడీ వెలిగించబోతున్న పనివాడు ఉన్నట్టుండి తల తిప్పి, అగ్గిపుల్ల పారేసి, చట్రం వైపు నడిచాడు. ఏమయిందని అడిగితే, ఒక బ్లేడు బిగువు తగ్గినట్టుందని అన్నాడు. ఈ ఆల్బమ్ వినడానికి కావలసిన చెవి అదే. మీకది ఉద్యోగం ఇచ్చింది. మేము చీటీలు రాసుకుని తంటాలు పడ్డాము.

చప్పుడు సంగీతం అవుతుందా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను, మీరు విభేదించవచ్చు. మీ మిషను మారిందంటే ఏదో పాడయిందని అర్థం. గోట్‌షింగ్ చేతిలో మారిందంటే ఎవరో కావాలని మార్చారని అర్థం. వినేవాడి శ్రద్ధ రెండు చోట్లా ఒకటే అయినా, ఒకచోట భయంతో వింటాము, రెండోచోట ఆశతో వింటాము. టెక్నో అనే పేరుతో ఈ సంగీతాన్ని 1980లలో తీర్చిదిద్దిన హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్నేహితులు అమెరికాలోని కార్ల కార్ఖానాల నగరం డెట్రాయిట్ పరిసరాల్లో పెరిగినవారన్న సంగతి మీకు ఆసక్తిగా ఉండవచ్చు. అయితే కార్ఖానా చప్పుడును వారు యథాతథంగా పాటలో పెట్టేశారన్న వాదన విన్నప్పుడల్లా నాకు కొంచెం విసుగు కలుగుతుంది. అలాగైతే చీమకుర్తినుంచి ఈపాటికి వంద ఆల్బములు వచ్చి ఉండాలి.

*ఇది టెక్నోనా, ట్రాన్స్ సంగీతమా? 1981లో ఆ పేర్లే లేనప్పుడు దీనికి ఆ గౌరవం ఎలా దక్కింది?*
— డిగ్రీ విద్యార్థిని, కావలి

అమ్మాయీ, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. గోట్‌షింగ్ టెక్నో చేయాలని కూర్చోలేదు. ఆయన గిటారు వాద్యకారుడు. క్లౌస్ షుల్జ, హార్ట్‌ముట్ ఎన్కేలతో కలిసి 1970లో ఆష్ రా టెంపెల్ అనే బృందాన్ని స్థాపించారు. 1975లో ఎలక్ట్రిక్ గిటారు ఒక్కదానితోనే ఒక ఆల్బమ్ మొత్తం చేశారు. 1981 చివరలో ఆ రాత్రి వాయించింది మరునాటి విమాన ప్రయాణంలో వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్టు ప్లేయరులో తాను వినడానికి. అంత మామూలు అవసరం అది. రికార్డు విడుదల కావడానికి ఆ తరువాత రెండేళ్లకు పైగా పట్టింది. విడుదల చేసినది కూడా పాత మిత్రుడు షుల్జ నడిపిన చిన్న కంపెనీయే.

అక్కడినుంచి దాని రాత మారింది. న్యూయార్క్‌లో పారడైజ్ గరాజ్ అనే నృత్యశాలలో లారీ లెవాన్ అనే డీజే ఈ రికార్డును నాట్యం చేసేవారి కోసం వేసేవారు. గదిలో ఒంటరిగా వినడానికి పుట్టినది అలా వేలమంది కాళ్ల కిందికి చేరింది. 1989లో ఇటలీలో కొందరు దీని ముక్కను తీసుకుని ‘సువేన్యో లాటినో’ అనే నృత్యగీతం చేశారు. దానికి డెట్రాయిట్ డెరిక్ మే మరొక రూపం ఇచ్చారు. 1994లో అదే నగరానికి చెందిన కార్ల్ క్రెయిగ్, పేపర్‌క్లిప్ పీపుల్ అనే పేరుతో, ఈ సంగీతం మీదే ‘రీమేక్’ అనే రికార్డు కట్టారు. చూశావా, టెక్నోకు పేరు పెట్టిన ఊరివారే వెనక్కి వచ్చి దీనిని తమ వంశవృక్షంలో రాసుకున్నారు. గౌరవం అలా దక్కింది. తాతను మనవలు ఎంచుకోవడం సంగీతంలోనే సాధ్యం.

ట్రాన్స్ సంగతికి వస్తే, 1990ల మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్ వంటి జర్మన్ నగరాల్లో రూపుదిద్దుకున్న ఆ సంగీతానికి ఒక అలవాటు ఉంది. ఉత్కంఠను మెట్టుమెట్టుగా పెంచి, డ్రమ్మును ఒక్కసారి ఆపి, మళ్లీ విడిచిపెట్టి చేతులు పైకి లేపిస్తుంది. ‘ఈ2–ఈ4’ ఆ పని ఒక్కసారీ చేయదు. మత్తెక్కించే ఆవర్తనం రెండింటిలోనూ ఉంది గానీ స్వభావాలు వేరు. మా ఏడుగురిలో ఇద్దరు దీనిని ట్రాన్స్ అనే అన్నారు. వారితో ఆ రాత్రి టీ చల్లారేదాకా వాదించాను, ఒప్పించలేకపోయాను.

*నేను కొన్నేళ్లు వీణ నేర్చుకున్నాను. వింటుంటే తంబుర ముందు కూర్చున్నట్టు అనిపించింది. మన సంగీతంతో దీనికి సంబంధం ఉందా?*
— గృహిణి, నెల్లూరు

అనిపించడం నిజమే. అయితే సంబంధాన్ని కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. తంబుర ఆధారషడ్జాన్ని వదలదు, రాగం దాని మీద విస్తరిస్తుంది. ఇక్కడ ఆధారమే రెండు కార్డ్‌ల మధ్య ఊగుతుంటుంది, మన సంప్రదాయంలో కార్డ్ అన్నదే లేదు. గిటారు వచ్చిన తరువాత కూడా ఆయన వాయించేది రాగాలాపన కాదు. ఎక్కడా గమకం కోసం తీగను ఆపి బతిమాలడం వినిపించదు. నాకు దగ్గరగా తోచే పోలిక నెరవల్. సాహిత్యంలోని ఒకే పాదాన్ని పట్టుకుని, మాటలు మార్చకుండా, తాళం తప్పకుండా, ప్రతి ఆవర్తంలోనూ కొత్తగా పలికించే ఆ పద్ధతిలో వినేవాడు తరువాత ఏ మాట వస్తుందని ఎదురుచూడడు. వచ్చే మాట తెలుసు, అది ఎలా వస్తుందన్నదే కుతూహలం. మన పల్లెల చెక్కభజన కూడా ఒక మిత్రుడికి గుర్తుకొచ్చింది. కానీ చెక్కభజనలో అడుగు అంతకంతకూ వేగం పుంజుకుంటుంది, ఇక్కడ నడక చివరిదాకా ఒకటే.

చరిత్రపరంగా అడిగితే ఒక సన్నని దారి ఉంది. ఒకే చిన్న స్వరసముదాయాన్ని పదేపదే పలికిస్తూ మెల్లగా మార్చే పద్ధతిని అమెరికాలో 1960లలో ముందుకు తెచ్చినవారిలో టెర్రీ రైలీ ఒకరు. స్టీవ్ రైక్ మరొకరు. గోట్‌షింగ్ వంటి జర్మన్లు నడిచింది ఆ బాటలోనే. ఆ రైలీ 1970లో హిందుస్తానీ గాన సంప్రదాయాల్లో ఒకటైన కిరానా ఘరానాకు చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడై, ఏళ్ల తరబడి ఆయన దగ్గర గాత్రం నేర్చుకున్నారు. తంబుర మీకు గుర్తుకురావడంలో అసంబద్ధం ఏమీ లేదు.

*మా అబ్బాయి చదరంగం ఆడతాడు. ఆల్బమ్ పేరు చూసి ‘ఇది ఆటలో మొదటి ఎత్తు కదా’ అన్నాడు. నిజమేనా?*
— ఒక తండ్రి, పొదిలి

నిజమే. రాజు ముందున్న తెల్లబంటును రెండు గళ్లు ముందుకు నడిపే ఎత్తును అలా రాస్తారు. రికార్డు అట్ట మీద కూడా చదరంగపు గళ్లే ఉంటాయి. లోపలి భాగాల పేర్లు ఆట క్రమాన్నే అనుసరిస్తాయి. మొదటి దాని పేరుకు ‘నెమ్మదైన కలవరం’ అని అర్థం చెప్పుకోవచ్చు. నడుమ ఆట మధ్యదశ వస్తుంది, చివరి భాగం పేరు ‘డ్రా’. మరొక చమత్కారం కూడా ఉంది. గిటారు తీగలను మామూలు శ్రుతిలో పెడితే అన్నిటికంటే మంద్రంగా పలికే తీగ స్వరాన్ని పాశ్చాత్య పద్ధతిలో ఈ2 అని, అన్నిటికంటే హెచ్చుగా పలికే తీగ స్వరాన్ని ఈ4 అని రాస్తారు. ఈ మాట మీ అబ్బాయికి చెప్పండి, ఇలాంటివి వాడికి నచ్చుతాయి.

*ఫోను స్పీకరులో వింటే సరిపోదా? అసలు మీరు దీనిని మొదట ఎలా విన్నారు?*
— ఒక పాఠకురాలు, అద్దంకి

సరిపోదు. కింది స్వరాలు ఫోనులో వినిపించవు, తాళం సగం పోతుంది. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కరలేదు.

నేను మొదట విన్నది 1990లలో మద్రాసులో చదువుకుంటున్న మా పెదనాన్న కొడుకు తెచ్చిన క్యాసెట్టులో. అది తొంభై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో వైపు నలభై అయిదు. గంట నిడివి ఉన్న సంగీతం ఒక వైపు పట్టదు కనుక నలభై అయిదో నిమిషంలో, గిటారు మంచి ఊపులో ఉండగా, టక్కున తెగేది. లేచి వెళ్లి తిప్పి పెట్టుకునేవాణ్ని. పదేళ్ల తరువాత సీడీలో తెగకుండా విన్నప్పుడు ఆ చోట గిటారు ఏమీ పట్టనట్టు సాగిపోతుంటే ఏదో పొరపాటు జరిగిందనిపించింది. గోట్‌షింగ్ 2022 డిసెంబరులో కన్నుమూశారని తెలిసిన రోజున మళ్లీ పెట్టుకున్నాను. మొన్న మేడమీద, ఆరుగురు మిత్రుల నడుమ, ఆ చోటు దగ్గరపడుతుంటే నా కుడిచెయ్యి దానంతట అదే కుర్చీ చేతి మీదనుంచి లేచింది. పక్కనున్నాయన మంచినీళ్లు కావాలేమోనని చెంబు అందించారు.