రేటింగ్ పడిందని పాటలు మార్చకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నాలుగు వారాల్లో షేర్ (ఊళ్లో అందరూ రేడియో వినే మొత్తం సమయంలో మీ వాటా) 12 శాతం నుంచి 10కి జారిందనీ, పాత పాటలు తీసేసి మీ బెంగళూరు ఎఫ్‌ఎం స్టేషన్ మొత్తాన్ని కొత్త సినిమా పాటలకు మార్చేద్దామని పైవాళ్లు పట్టుబడుతున్నారనీ రాశావు. సోమవారం మీటింగ్‌లో మ్యూజిక్ మేనేజర్‌గా జవాబు చెప్పాల్సింది నువ్వే కాబట్టి కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. ఫార్మాట్, అంటే స్టేషన్ వేసే పాటల తరహా, మార్చాలా వద్దా అన్నది ఆఖర్న తేల్చుకోవచ్చు. ముందు అసలు ఏం పడిందో చూడు.

షేర్ ఒక్క అంకెలా కనిపిస్తుంది గానీ దాని కడుపులో రెండున్నాయి. వారంలో ఒక్కసారైనా మిమ్మల్ని విన్నవాళ్లు ఎందరన్నది రీచ్. వాళ్లు ఎంతసేపు విన్నారన్నది టీఎస్‌ఎల్. లెక్క వేసి చూడు. పొద్దున 6 నుంచి అర్ధరాత్రి దాకా వారానికి 126 గంటలు, అంటే 504 పావుగంటలు. రీచ్ 8 లక్షలు, ఒక్కొక్కరు వారానికి 5 గంటలు, అంటే 20 పావుగంటలు విన్నారనుకో. 8 లక్షలను 20తో హెచ్చించి 504తో భాగిస్తే, సగటున ఏ పావుగంటలోనైనా మీతో ఉన్నవాళ్లు 31,746 మంది. రీచ్ అలాగే ఉండి వినే సమయం 4 గంటలకు పడితే అది 25,397 అవుతుంది. వినే సమయం 5 గంటలే ఉండి రీచ్ 6 లక్షల 40 వేలకు పడినా సరిగ్గా అదే 25,397. షేర్ చూసి ఈ రెండింటికీ తేడా చెప్పలేం, మందు మాత్రం వేరువేరు.

రీచ్ పడిందంటే కారణం చాలావరకు పాటల బయట ఉంటుంది. హోర్డింగులు ఆగిపోయి ఉండొచ్చు, ఎదుటి స్టేషన్ పెద్ద కాంటెస్ట్ పెట్టి ఉండొచ్చు, ట్రాన్స్‌మిటర్ పవర్ తగ్గి ఊరికి ఒక పక్క సిగ్నల్ గరగరలాడుతూ ఉండొచ్చు. ఇలాంటప్పుడు పాటలు మార్చి లాభం లేదు. మీ స్టేషన్ పెట్టనివాడికి నువ్వు పాటలు మార్చిన సంగతి ఎలా తెలుస్తుంది? వినే సమయం పడితే మాత్రం తప్పు లోపలే వెతకాలి: యాడ్ బ్రేకులు, పాటల మధ్య ఆర్‌జే మాట్లాడే లింకులు, పాటల వరస, రొటేషన్ (ఒక్కో పాట ఎంతసేపటికోసారి తిరిగి వస్తుందన్నది).

ఇక ఆ 12, 10ల సంగతి. 2007లో టామ్ సంస్థ రామ్ అనే పేరుతో రేడియో కొలత మొదలుపెట్టినప్పుడు బెంగళూరు అందులో ఉంది, చెన్నై లేదు. అది డైరీ పద్ధతి. ప్యానెల్‌లో ఉన్నవాళ్లు, అంటే కొలత కోసం ఎంచుకున్న శ్రోతలు, తాము ఏ స్టేషన్ ఎప్పుడు విన్నారో పావుగంటల లెక్కన రాసిపెడతారు. ఊరు మొత్తానికి 480 మంది రాశారనుకుని లెక్కిస్తే, 12 శాతం అన్న అంకెకు అటూ ఇటూ దాదాపు 3 పాయింట్ల ఊగిసలాట సహజం. మీరు కళ్లు మూసుకుని కూర్చున్నా 12 కాస్తా 10 కావచ్చు, 14 కావచ్చు. అదే షీటులో 25-34 ఏళ్ల ఆడవాళ్లను విడదీసి చూస్తే ఆ గడిలో ఉండేది 50 మందే అనుకో, ఊగిసలాట 9 పాయింట్లు దాటుతుంది. ఆ గడిని చూసి మధ్యాహ్నం షో మార్చేవాళ్లున్నారు! పైగా షేర్‌ను వినే సమయం మీద కడతారు కాబట్టి రోజుకు ఆరు గంటలు రేడియో పెట్టుకుని కుట్టుకునే టైలర్ ఒకాయన ప్యానెల్ నుంచి తప్పుకున్నా ఆ వారం అంకె కదులుతుంది.

మీకు వచ్చేది నాలుగు వారాల కదిలే సగటు అయితే ఇంకో మోసం ఉంది. ఒక్క చెడ్డ వారం నాలుగు షీట్లలోనూ కూర్చుంటుంది. ఐదో షీటులో అది జారిపోగానే, ఎవరూ ఏమీ చేయకపోయినా అంకె లేస్తుంది. ఆ మధ్యలో ఎవరు ఏ మార్పు చేసి ఉంటే వాళ్లు ఘనత కొట్టేస్తారు. అందుకే వారాల అంకెలు విడిగా అడిగి తెప్పించుకో. సంక్రాంతి వారం, దసరా సెలవులు, పరీక్షల నెల ఎక్కడ పడ్డాయో పక్కనే రాసుకో. సంక్రాంతికి మనవాళ్లు సగం మంది బస్సెక్కేస్తారు, బడి సెలవులొస్తే పొద్దున 7 నుంచి 9 మధ్య కారులో వినేవాళ్లు తగ్గుతారు. పోయిన ఏడాది అదే నెలతో పోల్చని అంకెను మీటింగ్‌లో నమ్మకు.

డైరీ కొలిచేది చెవినే అనుకోకు, సగం జ్ఞాపకాన్ని కొలుస్తుంది. ఆటోలో మీ స్టేషన్ విన్నవాడు రాత్రి డైరీలో ఎదుటివాళ్ల పేరు రాస్తే ఆ పావుగంట వాళ్లదే. కాబట్టి ప్రతి లింక్‌లో మొదటి మాట, చివరి మాట స్టేషన్ పేరే కావాలి. బ్రేక్‌లోకి వెళ్లే ముందు ఒకసారి, బయటికి రాగానే ఒకసారి చెప్పించు. ఆర్‌జేలకు ఇది చిరాకు. చెప్పించు. అమెరికాలో 2007 నుంచి కొన్ని ఊళ్లలో డైరీ తీసేసి, జేబులో పెట్టుకునే మీటర్ తెచ్చారు. అది పాటల్లో దాచిన కోడ్‌ను తనంతట తనే పట్టుకుంటుంది. ఆ దెబ్బకు స్మూత్ జాజ్ అనే మెత్తని సంగీతం వేసే స్టేషన్లు వరసపెట్టి మూతపడ్డాయి. డైరీలో అభిమానంతో గంటలు గంటలు రాసినవాళ్లు నిజంగా విన్నది అంతకంటే తక్కువని మీటర్ చెప్పింది. మెత్తని సంగీతంలో కోడ్ సరిగ్గా దొరకదన్న వాదనా వచ్చింది. ఏది ఏమైనా, కొలిచే పద్ధతి మారితే ఫార్మాట్ల తలరాతే మారిపోతుంది.

ఇప్పుడు అసలు పని, రొటేషన్. గంటలో 12 నిమిషాలు యాడ్స్, 6 నిమిషాలు లింకులు, జింగిల్స్ పోతే పాటలకు మిగిలేది 42 నిమిషాలు. నాలుగున్నర నిమిషాల లెక్కన తొమ్మిది పాటలు. వాటిని రెండు కొత్తవి, రెండు ఈ ఏడాది రెండేళ్లలో హిట్టయినవి, ఐదు పాతవిగా పంచావనుకో. కొత్త వాటికి రోజుకు 18 గంటల్లో 36 గడులు, అంటే పాట వేసే చోట్లు, వస్తాయి. అక్కడ ఆరు పాటలు పెడితే 36ను 6 నిండా భాగిస్తుంది కాబట్టి రోజూ అదే పాట అదే వేళకు పడుతుంది. ఎనిమిదిన్నరకు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కునే మనిషి వారమంతా ఒకే పాట వింటాడు. ఏడు పెట్టు. 36ను 7 నిండా భాగించదు, రోజుకు ఒక గడి చొప్పున జరుగుతుంది, ఒక్కో పాట మూడున్నర గంటలకోసారి తిరుగుతుంది. రెండో రకానికి 25 పాటలు చాలు. పాత వాటికి రోజుకు 90 గడులు, 400 పాటలుంటే ఒక్కోటి నాలుగు రోజులు దాటాక మళ్లీ వస్తుంది. 800 పెడితే వైవిధ్యం వస్తుందని ఎవరైనా అంటారు. నిజానికి వచ్చేవి 400 బలమైన పాటల మధ్య 400 బలహీనమైన పాటలు. పాటల వరస వేసిపెట్టే జీసెలెక్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ భాగహారం నువ్వే చేసి చూసుకోవాలి. గడులన్నీ నిండాయా, రూల్స్ తప్పాయా అన్నదే అది చూస్తుంది, విసుగు దానికి తెలియదు.

విసుగు గురించి ఒక లెక్క. మూడున్నర గంటలకోసారి తిరిగే పాటను రోజుకు 45 నిమిషాలు వినే మనిషి ఎన్నిసార్లు వింటాడు? ఐదు రోజులకు ఒకసారి. అదే పాటను ఆఫీసులో రోజంతా స్పీకరు కింద కూర్చునే మీవాళ్లు రోజుకు రెండు మూడుసార్లు వింటున్నారు. “ఈ పాట అరిగిపోయింది, తీసేయండి” అని సేల్స్ టీం అంటున్న రోజుకు శ్రోత ఆ పాటను నేర్చుకోవడం మొదలుపెట్టి ఉంటాడు. నూటికి తొంభై ఫార్మాట్ మార్పులు ఈ విసుగులోంచే పుడతాయని నా గట్టి నమ్మకం.

విసుగు నిజమా కాదా పరీక్షతో తేల్చు. ఖర్చు పెద్దగా లేదు. మీ స్టేషన్ గురిపెట్టే వయసు, 30-40 అనుకుందాం, అందులో 60 మందిని పోగుచెయ్యి. సగం ఆడవాళ్లు ఉండాలి. స్టాఫ్ బంధువులు, యాడ్ ఏజెన్సీవాళ్లు వద్దు. ప్రతి పాటలో అందరూ గుర్తుపట్టే ముక్క, పల్లవిలోదే, ఎనిమిది సెకన్లు కత్తిరించు. ఒక్కో ముక్కకూ మూడు ప్రశ్నలు: పాట తెలుసా, 1 నుంచి 5లో ఎంత నచ్చింది, వినీ వినీ విసుగొచ్చిందా. తెలియని పాటకు మార్కులు వేయనివ్వకు. తెలియకపోవడం వేరు, నచ్చకపోవడం వేరు. ఈ రెండూ కలిపేస్తే మంచి కొత్త పాటలన్నీ మొదటి వారంలోనే చచ్చిపోతాయి. ఒక పూటకు 200 ముక్కలు మించితే మార్కులు చేతికొచ్చినట్టు పడతాయి కాబట్టి మధ్యలో టీ ఇచ్చి కాసేపు ఆపు. పదిమందిలో నలుగురికి తెలియని పాట పాతవాటిలో ఉండకూడదు. నచ్చుతూనే విసుగు పుట్టిస్తున్న పాటను పారేయకు, మూడు నెలలు పక్కన పెట్టి మళ్లీ తీసుకురా. పొద్దున్నే వేసే భక్తి పాటలను మాత్రం ఈ తూకానికి ఎక్కించకు. అక్కడ జనానికి కావలసింది రోజూ అదే గొంతు, అదే వేళ. కొత్తదనం కోసం సుప్రభాతం మారిస్తే ఫోన్లు మోగుతాయి.

ఫార్మాట్ ఎందుకు నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది? పాతపాటల ఫార్మాట్‌లో “పాత” అన్న మాట ఏటా కదలాలి. మనిషి మనసుకు పట్టిన పాటలు చాలావరకు పన్నెండు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య విన్నవే. 1990లో పుట్టిన శ్రోత కావాలంటే నీ కేంద్రం 2002 నుంచి 2012. ఐదేళ్ల క్రితం కట్టిన లైబ్రరీనే ఇంకా వాడుతుంటే మీ శ్రోత ఐదేళ్లు ముసలివాడయ్యాడు, యాడ్ ఇచ్చేవాడికి అక్కర్లేని వయసుకు జరిగాడు. దీన్ని చూసి తప్పు ఫార్మాట్‌దే అనుకుంటారు. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి పాత పాటల స్టేషన్. 2005 జూన్ 3న ఉన్నపళంగా ఆర్‌జేలను తీసేసి, అన్ని రకాల పాటలూ కలగలిపే జాక్ ఫార్మాట్‌కు మార్చారు. 2007 జూలై 12న మళ్లీ వెనక్కి వచ్చారు. వచ్చింది పాత పేరుతోనే గానీ పాటల గీత, అంటే ఏ ఏళ్ల పాటలు వేయాలన్న హద్దు, జరిగింది: 60ల మధ్య నుంచి 80ల చివరి దాకా. గీత జరపడంతో పోయేదానికి ఇల్లు కూల్చారు.

మన దగ్గర స్టేషన్లన్నీ ఒకేలా వినిపించడానికి వేరే కారణాలున్నాయి. 2001 జూలై 3న దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎంగా రేడియో సిటీ ఇదే బెంగళూరులో మొదలైంది. ఆ మొదటి విడతలో లైసెన్స్ ఫీజు ఏటా 15 శాతం పెరిగేది. 2005లో రెండో విడత విధానంతో రాబడిలో 4 శాతం లెక్కకు మారింది. సొంత వార్తలకు ప్రైవేటువాళ్లకు అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. మిగిలింది పాట, ఆర్‌జే. అందరూ ఎక్కువమందికి నచ్చే హిట్టు పాటల మీదే పడతారు. ఇప్పుడు మీవాళ్లంటున్న కొత్త పాటల వైపు ఊళ్లో ఇప్పటికే ఎన్ని స్టేషన్లున్నాయో లెక్కపెట్టు. ముగ్గురు పంచుకుంటున్న 24 పాయింట్లలోకి నాలుగోవాడిగా వెళ్తే మీ వాటా 6. ఇప్పుడున్న 10 వదిలి 6 కోసం పరుగెత్తుతారా అని అడుగు. 91.9లో ఇండిగో స్టేషన్ ఇంగ్లీషు పాటలతో 2006 నుంచి తన గూట్లో తాను కూర్చుంది చూడు. అమృతవర్షిణి శాస్త్రీయ సంగీతాన్ని ఈ పోలికలోకి తీసుకురాకు, అది ఆకాశవాణిది, దాని బతుకు యాడ్స్ మీద లేదు.

మీ ఆదివారం తెలుగు గంట తీసేద్దామన్న మాట కూడా వచ్చిందన్నావు. దాన్ని ప్యానెల్ అంకెతో తూచొద్దు. 480లో తెలుగువాళ్లు 60 మంది ఉంటే, ఆ గంటలో రేడియో దగ్గర ఉండేది ముగ్గురో నలుగురో. వాట్సాప్ మెసేజీలు ఎన్ని, ఏ ప్రాంతం నుంచి, స్పాన్సర్ మళ్లీ సంతకం పెట్టాడా, ఇవి చూడు. మారతహళ్లిలో ఉండే ఐటీ పిల్లలకు నిన్న విడుదలైన పాట ఫోన్లోనే ఉంది, దానికోసం మీ దగ్గరికి రారు. తరాల క్రితం అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కన్నడ పాటలూ మనవిగానే వింటారు. ఇద్దరికీ కలిసే చోటు తొంభైల పాటలు. ఇళయరాజా పాటకైతే ఈ ఊళ్లో భాషే అడ్డురాదు. గంటను మాత్రం వేళ తప్పించకు. ఒక వారం ఆరుకు, ఒక వారం ఏడుకు వేస్తే ఎంత మంచి పాటలు వేసినా వినేవాడు దొరకడు.

సోమవారం ఇలా అడుగు: ఎనిమిది వారాలు పాటల ఫార్మాట్ ముట్టుకోం. మొదటి రెండు వారాల్లో ఆరు నిమిషాల బ్రేక్ ఉంటే దాన్ని మూడేసి నిమిషాల రెండుగా విడగొట్టి, రొటేషన్ భాగహారం సరిచేస్తాం. తర్వాతి నాలుగు వారాల్లో పాటల పరీక్ష. ఈ కాలంలో మార్నింగ్ ఆర్‌జేని కూడా మార్చొద్దు, లేకపోతే అంకె ఎందుకు కదిలిందో ఎవరికీ తెలియదు. అప్పటికీ రీచ్, వినే సమయం రెండూ పోయిన ఏడాది అదే నెలల కంటే తక్కువగా ఉండి, పరీక్షలో సగం పాటలు విసుగనిపిస్తే మార్చే మాట మాట్లాడుకోవచ్చు. మారిస్తే ఏడాది ఓపిక పట్టాలనీ, మొదటి మూడు నెలలు అంకె ఇంకా పడుతుందనీ ముందే కాగితం మీద రాయించుకో. పాతవాళ్లు వెళ్లిపోయినంత త్వరగా కొత్తవాళ్లు రారు.

ఈలోగా పోయిన బుధవారం పొద్దున 8-9, సాయంత్రం 6-7 లాగ్‌లు (ఏ నిమిషానికి ఏం పడిందన్న పట్టీలు), బ్రేకుల నిడివితో సహా పంపించు. ఎక్కడ ఏం కొయ్యాలో గుర్తులు పెట్టి ఆదివారం లోపు తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య