వెంట్రుకవాసి ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి విమానం ఇంజన్ భాగాలు బాగుచేసే పనిలో శిక్షణ పొందుతున్నాడు. వాడి తెలుగు నోట్సులో ‘ఈ షాఫ్టు సహనం 12 మైక్రాన్లు’ అని ఉంది (షాఫ్టు అంటే ఇంజన్లో తిరిగే ఇరుసు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). టాలరెన్స్‌ని సహనం అనవచ్చా? మన ‘వెంట్రుకవాసి’ సరిపోదా?
– ఒక రిటైర్డ్ టీచరు, బొబ్బిలి

సమాధానం: మాస్టారూ, షాఫ్టుకి సహనమేమిటండీ! నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని దించేసే అనువాదాలు చదవడానికి మనకి కావాలి ఆ సహనం. అరిగిన చోట లోహపు పూత వేసి, గ్రైండింగ్ చేసి, షాఫ్టుని మళ్లీ కొలతకి తెస్తారు. ఆ కొలత ఎంతకి తగ్గకూడదో, ఎంతకి మించకూడదో మాన్యువల్ చెబుతుంది. ఆ రెండు హద్దుల నడుమ తేడాయే టాలరెన్స్. ఇందులో ఓర్చుకునేవారెవరూ లేరు.

ఇక మీరు ‘వాసి’ని కదిపారు కాబట్టి నన్ను ఆపలేరు. ఇది అచ్చమైన ద్రావిడపు మాట. తమిళంలో వాసి అంటే తేడా. కన్నడంలో జబ్బు ‘వాసి’ అయిందంటే నయమైందని. మనకి రెండూ ఉన్నాయి. ‘నిన్నటికంటే ఈరోజు వాసి’ అని రోగి అంటే, నిన్నటికీ నేటికీ తేడా ఉందనీ, ఆ తేడా మంచివైపే ఉందనీ. మంచివైపు తేడా గొప్పతనమైంది, గొప్పతనం పేరై ‘వాసికెక్కింది’. పాతికవాసి, సగంవాసి, ముప్పాతికవాసి అన్నప్పుడు అదే పాలు, వంతు. తేడా, మెరుగు, వంతు అన్నీ ఒక్క మాటలో! నగరవాసి, గ్రామవాసిలోది సంస్కృతం, దీనికి చుట్టం కాదు. ఆ లెక్కన వెంట్రుకవాసి అంటే పేను అనాల్సి వస్తుంది.

వెంట్రుకవాసి అంటే వెంట్రుక మందమంత తేడా. లారీ పదడుగుల దూరంలో ఆగినా ‘వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం’ అని రాసేవారు ఒకసారి టేపు పట్టుకుని కొలవాలి. తృటి అయితే కాలానికి, దూరానికి కాదు.

కానీ మీవాడి పనికి వెంట్రుక కూడా మోటే. తల వెంట్రుక మందం మామూలుగా 50 నుంచి 100 మైక్రాన్లు, వాడికిచ్చిన తేడా 12. కొలతలకి ప్రమాణంగా పెట్టుకున్న వేడి 20 డిగ్రీలు. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 35 డిగ్రీల దగ్గర సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది. అంటే మన బొబ్బిలి వేసవిలో ఏసీ లేని గదిలో మైక్రోమీటరు (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి, ఆ పెరుగుదల లెక్కలోకి తీసుకోకపోతే, సరైన షాఫ్టు కూడా తప్పినట్టు కనిపించవచ్చు.

వర్క్‌షాపులో టాలరెన్స్ అనే అననివ్వండి, అందులో తప్పేమీ లేదు. నోట్సులో మాత్రం ‘సహనం’ కొట్టేసి ‘అనుమతించిన తేడా’ అని రాసుకోమనండి. రెండు భాగాల మధ్య ఉంచే క్లియరెన్స్ వేరు, దానికి ‘సందు’ చాలు. ‘వాసి’ అనే రాస్తే నాకు సంతోషమే గానీ, పక్కన అర్థం కూడా రాయక తప్పదేమో.