పుట్టగొడుగులు చదివిన టీచరమ్మకు బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయి డిగ్రీ బీజెడ్‌సీ ఫైనలియర్. ఎమ్మెస్సీ బోటనీ, బీఈడీ చేసి టీచరవుతానని, పుట్టగొడుగులు, బూజుల మీద పని చేస్తానని పట్టుబడుతోంది. నేనేమో అమీర్‌పేటలో క్లినికల్ రీసెర్చ్ (కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే పని) కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: ఈ ప్రశ్న అడిగే తండ్రులందరికీ లోపల ఉండే భయం ఒకటే, బంధువుల ముందు ఏమని చెప్పుకోవాలని. ముందు దాన్ని పక్కన పెట్టండి సార్.

క్లినికల్ రీసెర్చ్ చెడ్డ రంగమేమీ కాదు. హైదరాబాద్‌లో ఆ పనులున్నాయి. కానీ కొన్ని నెలల కోర్సు సర్టిఫికెట్ చూసి ఉద్యోగమిస్తారంటే నాకు నమ్మకం లేదు. అక్కడ బీఫార్మసీ, ఫార్మ్‌డీ వాళ్లతో పోటీ పడాలి. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టినవాళ్లను ఏ కంపెనీలో, ఎంత జీతానికి, బీజెడ్‌సీ పిల్లల్లో ఎందరికి వచ్చిందో అడగండి. నీళ్లు నమిలితే ఫీజు కట్టకుండా లేచి రండి.

టీచర్ దారిలోనూ టెన్షన్ ఉంది. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు, ప్రైవేటు బడి జీతం అంతంతమాత్రం. అయితే ఎమ్మెస్సీకి బీఈడీ తోడైతే గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకు కూడా రాయొచ్చు.

ఇక బూజులంటారా? పాలమూరు పల్లీలకు పట్టే పచ్చ బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది, మోతాదు మించితే విదేశాల్లో సరుకు దించుకోరు. కంది చేను నిలువునా ఎండిపోయేదీ ఫ్యుసేరియం అనే శిలీంధ్రం వల్లే. పల్లికాయ తడిగా ఉండగానే బస్తాకెత్తొద్దని రైతు పిల్లలకు బడిలోనే చెప్పే టీచర్ మన జిల్లాలకు అక్కర్లేదా? వానాకాలంలో ఒక పుట్టగొడుగు తల కోసి, తెల్ల కాగితం మీద బోర్లించి, రాత్రంతా గిన్నె మూసి ఉంచితే తెల్లారేసరికి సిద్ధబీజాలు (స్పోర్లు) రాలి గీతలు గీతలుగా అచ్చు పడుతుంది. ఆ క్లాసుకు ల్యాబ్ కూడా అవసరం లేదు.

జర్మనీలో జూలియస్ షాఫర్ బడి పంతులుగా ఉంటూనే రుసులా జాతి పుట్టగొడుగుల మీద ప్రామాణికమైన పని చేశారు. అప్పట్లో అందరూ వండుకు తినే ఒక రకం పుట్టగొడుగు తిని 1944లో ఆయన చనిపోయారు. అందుకే అమ్మాయికి గట్టిగా చెప్పండి, సేకరించినవి నోట్లో పెట్టొద్దని. మీరు ఆమెను ఆపాల్సింది అక్కడే, చదువు దగ్గర కాదు. సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) ఆప్షన్లు అమ్మాయినే పెట్టుకోనివ్వండి. ఉస్మానియా, కాకతీయ బోటనీ విభాగాలు అందులో ఉండేలా మాత్రం చూడండి.