నివురు గప్పిన నిప్పు మీద చేప

బల్ల మీద పెట్టుకుని ఆరుబయట వండుకునే చిన్న జపాను మట్టి కుంపటి గురించి ఈ మధ్య నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుందని ఈ నెల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాము.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ ఒసాకాలో ఉంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు అల్లుడు ఒక మట్టి కుంపటి తెచ్చాడు. దాని పేరు షిచిరిన్ అట. చూడటానికి మందంగా ఉన్నా చేతికి బెండులా తేలిగ్గా ఉంది. మిద్దె మీద బొగ్గులు రాజేసి, మసాలా పట్టించిన కానాగంతలు కాలిస్తే పైన మాడిపోయాయి, ముల్లు దగ్గర పచ్చిగానే ఉన్నాయి. మా అత్తగారు "ఇది మన కుంపటే గదా, దీనికింత ఆర్భాటమా" అన్నారు. ఆమె మాట నిజమేనా? మేము చేసిన తప్పేమిటి?
— ఒక గృహిణి, కావలి

జవాబు: మీ అత్తగారి మాటలో ముప్పాతిక నిజముంది. గ్యాసు రాకముందు మన ఇళ్ళలో కాఫీ నీళ్ళు కాగిన బొగ్గుల కుంపటికీ, షిచిరిన్‌కూ పనితీరు ఒక్కటే: పైన నిప్పులు, వాటి కింద చిల్లుల పలక, అడుగున గాలి పోవడానికీ బూడిద తీయడానికీ ఒక నోరు. మిగిలిన పావు వంతు తేడా మట్టిలో ఉంది. జపానులో ఇషికావా ప్రాంతపు నోటో ద్వీపకల్పం కొసన సుజు అనే ఊరుంది. డయాటమ్‌లనే, కంటికి కనిపించని నాచు జీవుల గుల్లలు ఎన్నో లక్షల ఏళ్ళ పాటు నీటి అడుగున పేరుకుని ఏర్పడిన మట్టి అక్కడ పొరలు పొరలుగా దొరుకుతుంది. ఆ గుల్లలు సిలికాతో ఏర్పడినవి, వాటి నిండా సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. రంధ్రాల్లో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు కనుక, లోపల నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నా పై గోడ మన కుంపటి గోడంతగా కాలదు. మీ చేతికి బెండులా అనిపించడానికి కారణమూ అదే. మేలు రకం వాటిని ఆ మట్టిని దిమ్మెలుగా కోసి, తొలిచి, కాల్చి తయారు చేస్తారు. తక్కువ ధరవాటిని మట్టిని పొడి చేసి అచ్చుల్లో ఒత్తి చేస్తారు. షిచిరిన్ అంటే ఏడు రిన్‌లు. రిన్ అంటే పాతకాలపు జపాను చిల్లర డబ్బు. ఏడు రిన్‌ల ఖరీదు చేసే బొగ్గుతో వంటంతా అయిపోయేదని ఆ పేరుకు ఒక వివరణ చెబుతారు. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో సుజు ఘోరంగా దెబ్బతిన్నది కాబట్టి, అల్లుడుగారు తెచ్చినది అక్కడి దిమ్మెలో తొలిచినదే అయితే దానిని కాస్త అపురూపంగానే చూసుకోండి.

ఇక మీ తప్పు దగ్గరికి వద్దాము. మీరు తొందరపడ్డారు. బొగ్గు అంటుకోగానే పసుపు మంట లేస్తుంది, సన్నని పొగ వస్తుంది, అక్కడక్కడ చిటపటమంటుంది. చాలామంది ఆ మంటను చూసి నిప్పు సిద్ధమైందనుకుంటారు. నిజానికి అప్పటికి పని మొదలైందంతే. కాసేపటికి మంట అణగిపోతుంది, పొగ ఆగిపోతుంది, నల్లని బొగ్గు అంచుల నుంచి ఎర్రబారుతూ వస్తుంది. ఆ తరువాత ఎర్రదనం మీద మంచు పొరలాంటి తెల్లని బూడిద కమ్ముకుంటుంది. నోటితో మెల్లగా ఊదితే ఆ పొర ఎగిరి, కింద దానిమ్మ గింజ రంగు కనిపించి, మళ్ళీ కప్పేసుకుంటుంది. నివురు గప్పిన నిప్పు అని మనం లోలోపల కోపం దాచుకున్న మనుషుల్ని చూసి అంటాము గానీ, వంటకు అంతకంటే మంచి నిప్పు లేదు. మామూలు బొగ్గుకు ఆ స్థితి రావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా పడుతుంది. అరచేతిని కుంపటి పైన చేప పెట్టే తీగల వల మీద జానెడు ఎత్తున పెట్టి చూడండి. ఒకటి, రెండు అనేలోపే చెయ్యి లాక్కోవలసి వస్తే అది చేపకు ఎక్కువ వేడి. నాలుగైదు అంకెల దాకా ఓర్చుకోగలిగితే చేప వెయ్యవచ్చు.

వేడి ఎక్కువైతే నిప్పులు తీసెయ్యడం, తక్కువైతే బొగ్గులు కుమ్మరించడం మనకు అలవాటు. షిచిరిన్‌లో ఆ పని అడుగునున్న చిన్న తలుపు చేస్తుంది. తలుపు పూర్తిగా తీసి గాలి వచ్చే వైపు తిప్పి పెడితే నిప్పు రాజుకుంటుంది, మూడొంతులు మూస్తే నెమ్మదిస్తుంది. తలుపు జరిపిన తరువాత దాని ఫలితం తెలియడానికి రెండు మూడు నిమిషాలు పడుతుందని గుర్తుంచుకుంటే, విసనకర్ర పట్టుకుని కంగారు పడే అవసరం ఉండదు. నిప్పుల్ని కూడా ఒక వైపు దట్టంగా, మరో వైపు పలచగా సర్దుకోండి. చేపను ముందు దట్టమైన వైపు వేసి చర్మం రంగు తిరిగాక పలచని వైపుకు జరిపితే, ముల్లు దాకా నిదానంగా ఉడుకుతుంది.

రెండో తప్పు మసాలాది. కారం, ధనియాల పొడి, వెల్లుల్లి ముద్ద పెనం మీద నూనెలో వేగుతాయి కానీ నిప్పు సెగకు నేరుగా తగిలితే చేప ఉడికేలోపే మాడి చేదెక్కుతాయి. జపానువాళ్ళు శరదృతువులో సన్మా అనే సన్నని చేపను దీని మీద ఉప్పుతో మాత్రమే కాలుస్తారు. తియ్యని సోయా పులుసు పూయదలచుకున్నా చివరి రెండు నిమిషాల్లోనే పూస్తారు, ఎందుకంటే చక్కెర ఇంకా త్వరగా మాడుతుంది. మీరు కానాగంతలకు రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టి, ఉప్పు రాసి ఇరవై నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని గుడ్డతో పూర్తిగా అద్దెయ్యండి. వలను ఖాళీగా బాగా వేడెక్కనిచ్చి, నూనె గుడ్డతో తుడిచి, అప్పుడు చేప వేస్తే అంటుకోదు. ఒక్కసారి తిప్పితే చాలు. ఊరికే తిప్పుతూ ఉంటే చర్మం వలకే మిగులుతుంది. కారం, నిమ్మరసం, కాస్త వేయించిన జీలకర్ర పొడి దించిన తరువాత చల్లుకోండి. చేపల పులుసుకు పేరున్న జిల్లాలో మసాలా లేని చేప ఏమిటని ఇంట్లోవాళ్ళు మొహం చిట్లిస్తారు. మొదటి ముక్క తిన్నాక ఏమంటారో చూసి మళ్ళీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: దీనికి జపాను బొగ్గే వాడాలా? మా వైపు చిల్లచెట్ల బొగ్గు బస్తాల్లో దొరుకుతుంది. అది పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. జపానులో గొప్పగా చెప్పుకునే బొగ్గు పేరు బించోటాన్. వకయామా ప్రాంతంలో ఉబామె అనే ఓక్ జాతి చెట్టు కొమ్మలతో తయారవుతుంది. 17వ శతాబ్దం చివర్లో దీనిని అమ్మిన బించుయా చోజాఎమోన్ అనే వర్తకుడి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చిందంటారు. రెండు ముక్కల్ని తాకిస్తే లోహంలా ఖంగుమంటుంది. పొగ దాదాపు ఉండదు, గంటల తరబడి కాలుతుంది. అయితే అంటుకోవడానికి మొండికేస్తుంది, ఇక్కడ కొనాలంటే ధర చేప ధరను మించిపోతుంది. నలుగురు మనుషులున్న ఇంటికి దాని అవసరం నాకు కనిపించదు.

మీరు చిల్లచెట్టు అంటున్నదీ, కొందరు సర్కారు తుమ్మ అంటున్నదీ ఒకటే. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ చెట్టును 19వ శతాబ్దంలో మన దేశంలో నాటారు. అది చెరువుగట్లనూ బీడునూ ఎంతగా ఆక్రమించిందో మీకు చెప్పనక్కర్లేదు. దాని కట్టె గట్టిది, కాబట్టి బొగ్గూ గట్టిగానే ఉంటుంది. బస్తా కొనేటప్పుడు ఒక ముక్క విరిచి చూడండి. విరుపు నల్లగా మెరుస్తూ, టక్కుమని శబ్దం వస్తే సరిగా కాలిన బొగ్గు. గోధుమరంగు చారలు కనిపిస్తే లోపల ఇంకా కట్టె మిగిలి ఉన్నట్టే, అది పొగ పెట్టి చేపకు పొగచూరు వాసన పట్టిస్తుంది. చెమ్మ తగిలిన బొగ్గు చిట్లి నిప్పురవ్వలు ఎగరేస్తుంది కనుక వాడే ముందు రోజు ఎండలో పరచండి. కొబ్బరి చిప్పల బొగ్గు చురుగ్గా వేడెక్కి త్వరగా అయిపోతుంది, రొయ్యల వంటి అయిదు నిమిషాల వంటకు సరిపోతుంది. కిరసనాయిలు మాత్రం చుక్క కూడా పొయ్యవద్దు. ఈ మట్టి దానిని పీల్చుకుని నెలల తరబడి ఆ వాసన వదలదు. కొబ్బరి పీచు, ఎండు తాటాకు ముక్క చాలు.

ప్రశ్న: మాది నెల్లూరులో నాలుగో అంతస్తు. వర్షం వచ్చినప్పుడు బాల్కనీ అద్దాలు మూసి లోపల వాడుకోవచ్చా? పొగ రాదు కదా?
— ఒక పాఠకురాలు

జవాబు: వాడకూడదు. పొగ రాకపోవడమే ఇక్కడ ప్రమాదం. నివురు గప్పిన నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చేసరికే మనిషికి లేచి తలుపు తీసే శక్తి ఉండకపోవచ్చు. కిటికీ ఒకటి తెరిచి ఉంచితే చాలనుకోకండి. వాన రోజున చేపలు పెనం మీద వేయించుకోండి, కుంపటిని ఆకాశం కింద మాత్రమే వెలిగించండి.

ప్రశ్న: రెండుసార్లు వాడాక జిడ్డు పట్టిందని సబ్బు పెట్టి కడిగాను. మూడోసారి వెలిగించగానే గోడ నిలువునా బీటవారింది. నాసిరకం అంటగట్టారా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అమ్మినవారిని తిట్టుకోకండి, నేనూ ఒకటి ఇలాగే పోగొట్టుకున్నాను. కార్తీక మాసంలో ఒక రాత్రి వండుకుని, చల్లారాక లోపల పెడదామని డాబా మీద వదిలేశాను. తెల్లవారేసరికి ముసురు పట్టింది. రెండు రోజుల తరువాత పైకి ఆరినట్టే కనిపిస్తే వెలిగించాను. పది నిమిషాలకు వేరుశనక్కాయ చిట్లినట్టు టప్పుమని శబ్దం వచ్చి, నోటి దగ్గర నుంచి పైదాకా వెంట్రుక వాసి గీత పడింది. ఈ మట్టి గుల్లగా ఉండటమే దాని గుణం, అదే దాని బలహీనత కూడా. తాగిన నీరు లోపలే ఉండగా నిప్పు తగిలితే అది ఆవిరై, బయటికి పోయే దారి చాలక గోడను చీలుస్తుంది. అందుకని దీనిని ఎప్పుడూ కడగకూడదు. చల్లారాక బూడిద దులిపి, పొడి కుంచెతో ఊడ్చి, లోపల జిడ్డుంటే తరువాతిసారి నిప్పుకే వదిలెయ్యాలి. కడగవలసింది వలను మాత్రమే. అది కూడా స్టీలుదై ఉండాలి. జింకు పూత వేసిన కోళ్ళ వలను కత్తిరించి వాడటం మంచిది కాదు.

మీ బీట సన్నదైతే గోడ చుట్టూ రాగి తీగ గానీ ఇనుప తీగ గానీ బిగించి ఇంకా చాలాకాలం వాడుకోవచ్చు. కొత్తదాన్ని కొంటే మొదటిసారి గుప్పెడు బొగ్గులతోనే వెలిగించి, వంట పెట్టకుండా, దానిలోని చెమ్మను మెల్లగా వదిలించండి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైటు బల్ల మీద నేరుగా పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: పక్క గోడలు కాలకపోయినా అడుగు కాలుతుంది, రాలిన నిప్పుకణికలన్నీ అక్కడే చేరుతాయి. వేడి ఒకే చోట తగిలితే పలక బీటవారవచ్చు. రెండు ఇటుకలు ఎడంగా పరచి, వాటి మీద పెట్టండి. మధ్యలో గాలి ఆడితే చాలు.

ప్రశ్న: నేను కుమ్మరి పని చేస్తాను. బుజ్జి పొయ్యిలు, పూలకుండీలు చేసి అమ్ముతాను. మా అబ్బాయి ఫోనులో ఈ కుంపటి చూపించాడు. మన చెరువు మట్టితో ఇది కుదురుతుందా?
— ఒక పాఠకుడు, ఆత్మకూరు దగ్గర పల్లె నుంచి

జవాబు: అచ్చంగా అలాంటిది కుదరదు కానీ, దాని గుణానికి దగ్గరగా వచ్చే దారి మీ ఊళ్ళోనే ఉంది. జల్లించిన వరి ఊకను మట్టిలో కలపండి. ఆవంలో కాలేటప్పుడు ఊక మాడిపోయి దాని చోట చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. ఊక ఎక్కువైతే గోడ పొడిపొడిగా రాలుతుంది, తక్కువైతే బరువుగా ఉండి బయటికి వేడి వదులుతుంది. కాబట్టి మూడు నాలుగు పాళ్ళలో చిన్న పిడతలు చేసి, కాల్చి, నిప్పు వేసి చూసి, మీ మట్టికి ఏది సరిపోతుందో తేల్చుకోండి. గోడ రెండు వేళ్ళ మందం ఉండనివ్వండి. అసలు కష్టం అడుగు తలుపు దగ్గర వస్తుంది. అది బిగుతుగా జరగాలి, సందు ఉంటే నిప్పు మాట వినదు. మట్టి తలుపు కాలినప్పుడు వంకర పోతుంటే రేకు తలుపు పెట్టండి, జపానువాళ్ళు కూడా లోహపు తలుపు పెడుతుంటారు. నడుముకు రేకు పట్టీ బిగిస్తే బీటల భయం తగ్గుతుంది. నాకైతే, వేల మైళ్ళ అవతలి నుంచి వచ్చే పెట్టె కోసం ఎదురుచూడటం కంటే మీ ఆవం నుంచి దిగిన కుంపటి కొనుక్కోవడమే ఇష్టం. చేసినప్పుడు మా చిరునామాకు ఒక ముక్క రాయండి.

ప్రశ్న: ఆదివారం సాయంత్రాలు కొత్తపట్నం తీరానికి తీసుకెళ్తున్నాము. వంటయ్యాక మిగిలిన నిప్పుల్ని ఇసుకలో పూడ్చి వచ్చేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దయచేసి ఆ పని చెయ్యవద్దు. ఇసుక కప్పినంత మాత్రాన నిప్పు వెంటనే చావదు. పైకి చల్లగా కనిపించే ఆ చోట గంటల తరువాత కూడా వేడి ఉంటుంది, చీకట్లో ఉత్తికాళ్ళతో పరుగెత్తే పిల్లలకు అక్కడ నిప్పులున్నాయని తెలియదు. కుంపటిలోనే నీళ్ళు పోస్తే ఏమవుతుందో పైన చెప్పాను. జపాను ఇళ్ళలో దీనికి మూత ఉన్న ప్రత్యేకమైన కుండ ఉంటుంది, మీకు గట్టి మూత ఉన్న పాత ఇనుప డబ్బా చాలు. పట్టకారుతో నిప్పుల్ని ఒక్కొక్కటిగా దానిలో వేసి మూత బిగిస్తే, గాలి అందక అవే ఆరిపోతాయి. డబ్బా అప్పటికి బాగా కాలుతుంది కనుక ఇసుకలో కుదురుగా నిలిపి, పూర్తిగా చల్లారాకనే కారులో పెట్టండి. అలా ఆరిన బొగ్గు కొత్త బొగ్గు కంటే త్వరగా అంటుకుంటుంది. వచ్చే ఆదివారం దాన్ని అడుగున వేసి, కొత్త ముక్కలు పైన పేర్చండి. తీరంలో సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది, మీరు కుంపటి నోటిని అటు తిప్పి కూర్చుంటే వెలిగించేటప్పుడు విసనకర్రతో పని ఉండదు. అంటుకున్నాక మాత్రం నోటిని ఒడ్డు వైపుకు తిప్పడం మరచిపోవద్దు.