మొదటి కాన్పు దగ్గరే మొదలుపెట్టు

అమ్మాయీ,

ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్ బాధ్యత నీకిచ్చారని విని చాలా సంతోషించాను. సిజేరియన్లు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తోందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నాకు తెలిసింది చెబుతాను.

మొత్తం శాతం పట్టుకుని కూర్చోకు. మన తెలంగాణలో నూటికి 60కి పైగా ఆపరేషన్ కాన్పులేనని, ప్రైవేటులో అయితే 81కి పైగా అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వింటే గుండె తరుక్కుపోతుంది గానీ, రేపు పొద్దున రౌండ్సులో ఏం చేయాలో ఆ అంకె చెప్పదు. రాబ్సన్ పద్ధతిలో, తొలిచూలా, ముందు సిజేరియన్ అయిందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా వంటివాటిని బట్టి కాన్పులన్నిటినీ పది గ్రూపులుగా విడదీయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది ఇదే. ఒక రిజిస్టరు, కాన్పు కాగానే అందులో రాసే సిస్టరు ఉంటే చాలు.

ముందు కాన్పు సిజేరియన్ అయినవాళ్లది ఐదో గ్రూపు. నీ దగ్గర బహుశా అదే పెద్దదిగా తేలుతుంది, కంగారుపడకు. వాళ్లలో తగినవాళ్లకు నార్మల్ ప్రయత్నించాలంటే రాత్రిళ్లు కూడా మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉండాలి. అవి సమకూరేదాకా ఆగు. ముందు ఒకటో గ్రూపు చూడు: తొలిచూలు, నెలలు నిండాయి, కడుపులో ఒక్కటే బిడ్డ, తల కిందికే ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఈ పిల్లకు కోత పడితే రెండో కాన్పుకీ చాలామటుకు కోతే. మూడేళ్లు తిరిగేసరికి ఐదో గ్రూపులో నీ ముందుకొస్తుంది.

వారానికోసారి ఈ గ్రూపులో జరిగిన ప్రతి ఆపరేషన్ కేస్ షీటూ అందరూ కూర్చుని చదవండి, డాక్టరు పేరు కప్పేసి. తప్పెవరిదని వెతకడం మొదలైతే షీట్లలో నిజం రాయడం మానేస్తారు. ‘నొప్పులు సాగలేదు’ అని రాసినచోట దారి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చూడండి. 5 సెంటీమీటర్లు దాటితేనే అసలు నొప్పులని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నా, 3 దగ్గరే ఓపిక అయిపోతుంటుంది. ‘మెడకు పేగు చుట్టుకుంది’ అన్న స్కాన్ కాగితం ఒక్కటే చూసి కోశారా? ఆపరేషన్ టైము కూడా చూడు. అన్నీ మధ్యాహ్నం రెండులోపే పడుతుంటే మత్తు డాక్టరు డ్యూటీ వేళలే కారణం కావచ్చు. అది సూపరింటెండెంటుతో నువ్వే మాట్లాడాలి.

నొప్పులు పడే పిల్ల పక్కన మనిషి ఉండాలి. 2017లో హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి ప్రభుత్వం మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకుని, సహజ కాన్పులు దగ్గరుండి చేయించే సిస్టర్లు ఉన్నారు. ఒక్కరినైనా అడిగి తెప్పించుకో, వచ్చాక వేరే వార్డుకు లాక్కోనివ్వకు. తల్లినో అక్కనో లోపలికి రానివ్వు. నడవనివ్వు, నీళ్లు తాగనివ్వు, వెల్లకిలా పడుకోబెట్టేయకు. “నావల్ల కాదు, కోసేయండి” అని ఏడ్చే పిల్ల, ఎవరైనా నడుము రాస్తూ కూర్చుంటే ఇంకో రెండు గంటలు ఓర్చుకోవడం ఎన్నోసార్లు చూశాను.

ముహూర్తం అడిగేవాళ్లను కసురుకోకు. ఏడో నెల చెకప్‌కే అత్తగారినీ పిలిపించి, 39 వారాలు నిండకుండా కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చని విడమరచి చెప్పు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. సిజేరియన్ల లెక్క పక్కనే పుట్టగానే ఏడవని బిడ్డల లెక్క, నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స వార్డు ఎస్‌ఎన్‌సీయూకి వెళ్లినవాళ్ల లెక్క కూడా రాయించు. అవి పెరుగుతుంటే అక్కడే ఆగి, ఎందుకో చూడు. శాతం కోసం అవసరమైన ఆపరేషన్ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు.

మొదటి నెల రిజిస్టరు నిండాక పేర్లు తీసేసి అంకెలు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేడమ్