పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించే అబ్బాయి బడిలో నేర్పగలడా?

ప్రశ్న: నాకు కావలిలో బ్యాండు మేళం ఉంది. మా అబ్బాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. నా దగ్గరే ట్రంపెట్ నేర్చుకున్నాడు. ఇక్కడి ఒక ప్రైవేటు బడివారు ఐదు, ఆరు తరగతుల పిల్లలకు బ్యాండు నేర్పమని పిలిచారు. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ తొందర సంగతి. బ్యాంకు క్లర్కు పరీక్ష రాయాలంటే డిగ్రీ చేతికి రావాలి, 20 ఏళ్లు నిండాలి. 28 దాకా గడువుంది. కాబట్టి ఈ ఏడాది కోచింగ్ పేరుతో గొడవ అనవసరం. త్వరగా మూసుకుపోయే తలుపు వేరే ఉంది. వైమానిక దళం, నౌకాదళం పదో తరగతి అర్హతతో తమ బ్యాండులకు అగ్నివీర్ మ్యుజీషియన్లను, అంటే వాద్యకారులను, తీసుకుంటాయి. వయసు ఇంచుమించు పదిహేడున్నర నుంచి 21 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు. అది నాలుగేళ్ల కొలువే, ఆపై నూటికి 25 మందినే ఉంచుకుంటారు. అయినా సైనిక బ్యాండులో చేసి వచ్చినవాడిని బడులు పిలిచి మరీ తీసుకుంటాయి.

బడిలో చేరమనే నా సలహా. అయితే బాగా వాయించేవాడు బాగా నేర్పుతాడనుకోకండి. ఊరేగింపులో గంటల తరబడి గట్టిగా ఊదే అలవాటు పదేళ్ల పిల్లకు అంటితే కష్టం. పై స్వరం పలకకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది? బుగ్గలు ఉబ్బించి, మౌత్‌పీస్‌ను, అంటే నోటి దగ్గర పెట్టుకుని ఊదే ముక్కను, పెదవులకేసి నొక్కుతుంది. పెదవి తిమ్మిరెక్కుతుంది, స్వరం మాత్రం రాదు. అందుకే మొదటి వారాల్లో ట్రంపెట్ పక్కన పెట్టి, ఒట్టి మౌత్‌పీస్‌తో పెదవులు అదిరించడం, ఒకే స్వరాన్ని నెమ్మదిగా నిలపడం నేర్పాలి. ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్న పిల్లలకు కొన్నాళ్లు డ్రమ్ము ఇవ్వడమే మేలు. ట్రాంబోన్‌లో ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం (స్లైడు) చివరిదాకా చిన్న చేతులు అందవు.

ఇంకో చిక్కు. ట్రంపెట్, మామూలు క్లారినెట్ రెండూ బీ ఫ్లాట్ (B♭) వాద్యాలు. అంటే రాసిన స్వరం ఒకటే అయితే రెండింట్లోనూ పలికే శ్రుతి ఒకటే, కాబట్టి స్వరాలు రాసిన ఒకే కాగితం చూసి వాయించవచ్చు. ఆల్టో సాక్సోఫోన్ 'ఇ' ఫ్లాట్ (E♭) వాద్యం, దాని శ్రుతి వేరు. అదే కాగితం దాని ముందు పెడితే అపస్వరమే. మేళంలో చెవితో సర్దుకుపోతాం, తరగతిలో కుదరదు. అందుకని అబ్బాయి స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, నేర్చుకోవాలి, క్లారినెట్ కాస్తయినా పట్టాలి. సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్ అనే సంస్థ గ్రేడు పరీక్షలను వీడియో పంపి ఇంటి నుంచే రాయవచ్చు. 8 గ్రేడులున్నాయి, అయిదో గ్రేడు దాటితే యాజమాన్యం ముందు పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది.

ఇంటి విద్య ఉండగా ఇదంతా ఎందుకంటారేమో. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర కుటుంబంవారే. అయినా తంజావూరు బాణీ కోసం తమిళనాడులోని నాచ్చియార్‌కోయిల్ గురువుల దగ్గరికి వెళ్లారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

జీతం మాట గట్టిగా మాట్లాడుకోండి. చాలా బడులకు ఆగస్టు 15, జనవరి 26 ముందే బ్యాండు గుర్తొస్తుంది. ఏడాది పొడవునా వారానికి ఎన్ని పీరియడ్లో, వేసవిలో జీతం ఉంటుందో లేదో రాయించుకోండి. క్లారినెట్, సాక్సోఫోన్‌లకు పెట్టే పలుచని రీడ్లు, ట్రంపెట్ మీటలకు వేసే వాల్వ్ ఆయిల్, పిల్లకొక మౌత్‌పీస్ బడే కొనాలి. ఒకరి ఎంగిలి మౌత్‌పీస్ మరొకరికి ఇచ్చే పద్ధతికి మీ అబ్బాయి మొదటిరోజే ఒప్పుకోకూడదు.